బిగుతు బనీను

బేకరీలో పొయ్యి గదికీ అమ్మే గదికీ మధ్యనున్న గోడ పడగొట్టి నిలువెత్తు అద్దం పెట్టించారు. రొట్టె కాలడం కొనేవాళ్ళ కళ్ళబడాలని యజమానికి పుట్టిన ఆలోచన అది. అద్దం వచ్చి వారం తిరక్కుండానే మేనేజరు కోటును సామాన్ల గదిలోకి పిలిచాడు.

కోటు అతని అసలు పేరు కాదు. పొయ్యి ముందు నిలబడేవాళ్ళంతా వేడికి తాళలేక బనీన్లతోనో, అవీ లేకుండానో పనిచేస్తుంటే, అతనొక్కడే దళసరి తెల్లకోటు మెడదాకా బొత్తాలు పెట్టుకొని ఉండేవాడు. చెమటకి అది వీపుకి అతుక్కుపోయినా విప్పేవాడు కాదు. ఆ పేరు పెట్టినవాళ్ళు ఎప్పుడో పని మానేసి వెళ్ళిపోయారు గాని, పేరు మాత్రం అతన్ని వదల్లేదు.

"నిన్న జరిగింది నేనూ చూశాను," అన్నాడు మేనేజరు, మైదా బస్తా మీద చెయ్యి ఆనించి.

కోటు తల వంచుకున్నాడు. అద్దంతోపాటు అందరికీ పలచటి నీలం టీషర్టులు ఇచ్చారు. కోటు వేసుకోకూడదన్నారు. నిన్న మొదటిసారి ఆ టీషర్టు తొడుక్కొని పొయ్యి ముందుకి వచ్చాడు. రెండు వాయిలు దించేసరికి అది తడిసి ఒంటికి అంటుకుపోయింది. అతను లావు మనిషి కాడు. పొట్ట లేదు, చేతులు పనిచేసి రాటుదేలినవి. ఒక్క ఛాతీ మాత్రం రెండు పక్కలా మెత్తగా ముందుకి పొంగి ఉంటుంది, ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. అద్దం అవతల కుర్రాళ్ళ గుంపు ఒకటి నిలబడింది. అందులో ఒకడు సంచీలోంచి రెండు బన్నులు తీసి తన ఛాతీకి ఆనించుకొని అటూ ఇటూ ఊగాడు. మిగతావాళ్ళు నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. ఆ బన్నులు పొద్దున కోటు కాల్చినవే.

"నా ఉద్దేశం నిన్ను చిన్నబుచ్చాలని కాదు," అన్నాడు మేనేజరు. "కస్టమర్లు ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. కొన్నాళ్ళు నువ్వు లోపల పిండి కలిపే మిషను చూసుకో. పొయ్యి దగ్గర ఇంకెవర్నయినా పెడతాను."

"పొయ్యి నాదండీ," అనబోయాడు కోటు. ఆ పొయ్యిలో ఎడమవైపు మూల వేడి ఎక్కువని, ట్రేలు మధ్యలో ఒకసారి తిప్పకపోతే అటువైపు రొట్టెలు మాడతాయని అతనికి తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు. కానీ నోటికొచ్చిన మాట వేరు.

"సరేనండీ," అన్నాడు.

ఇంటికి నడుస్తున్నంతసేపూ అతనికి కుర్రాళ్ళ మీద కోపం రాలేదు, మేనేజరు మీదా రాలేదు. తన నోటి నుంచి అంత తేలిగ్గా జారిపోయిన ఆ "సరేనండీ" మీదే వచ్చింది.

*

డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామన్నది భార్యే. స్కూల్లో ల్యాబు పని చూస్తుందావిడ. సీసాల మీద చీటీలు అంటించినంత శ్రద్ధగా అడగాల్సినవన్నీ మనసులో వరస పెట్టుకొని వచ్చింది. కోటు మాత్రం చొక్కా విప్పమన్నప్పుడు గోడకేసి తిరిగాడు.

"ఇటు తిరగండి. గోడకి వైద్యం చెయ్యలేను," అంది డాక్టరమ్మ.

అతనికి నవ్వొచ్చింది. తిరిగాడు. ఆవిడ బొటనవేలితో రెండు పక్కలా నొక్కి చూసింది. రొట్టె పిండి పొంగిందో లేదో వేలితో నొక్కి చూసే తన అలవాటు గుర్తొచ్చి, అతను కళ్ళు పైకెత్తి ఫ్యానుకేసి చూశాడు.

"ఇక్కడ గట్టిగా బిళ్ళలాగా తగులుతోంది, అది గ్రంథి. చుట్టూ మెత్తగా ఉన్నది కొవ్వు. కొవ్వుని లైపోసక్షన్‌తో లాగేయొచ్చు. బిళ్ళ మాత్రం గొట్టంలోంచి రాదు, చిన్న గాటు పెట్టి తియ్యాలి. దానికి ముందు రక్తపరీక్షలు, స్కానింగు. ఎందుకొచ్చిందో తెలియకుండా కత్తి పట్టను."

"మగాళ్ళకి ఇలా ఉండటం..." అని నీళ్ళు నమిలాడు కోటు.

"చాలామందికి ఉంటుంది. చెప్పుకోరంతే. మీరు కూర్చున్న కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళూ తమకొక్కళ్ళకే ఉందనుకొని వస్తారు."

భార్య ముందుకి జరిగింది. "ఆపరేషనెలా చేస్తారు డాక్టర్?"

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. మత్తిస్తారు. ఉప్పునీళ్ళలో మందు కలిపి చర్మం కిందకి ఎక్కిస్తారు. కొవ్వు వదులవుతుంది, రక్తం తక్కువ పోతుంది. చంక దగ్గర చిన్న కన్నం పెట్టి సన్నటి గొట్టం లోపలికి పంపి, ముందుకీ వెనక్కీ ఆడిస్తూ కొవ్వుని బయటికి పీలుస్తారు. మధ్యాహ్నానికి లేస్తాడు, సాయంత్రానికి ఇంటికెళ్ళొచ్చు.

"ఇప్పుడు అసలు సంగతి వినండి," అంది. "ఇది బరువు తగ్గే ఆపరేషన్ కాదు. మర్నాడు అద్దంలో చూసుకుంటే తగ్గినట్టు ఉండదు సరికదా, ముందుకన్నా ఉబ్బి కనిపిస్తుంది. చాలామంది సరిగ్గా అప్పుడే నాకు ఫోన్ చేసి తిడతారు. మీరూ తిట్టొచ్చు, నేనేమీ అనుకోను. వాపు దిగడానికి వారాలు పడుతుంది. ఆకారం తేలడానికి నెలలు. కొంతమేర మొద్దుబారుతుంది, అక్కడక్కడా ఉండలుగా తగులుతుంది. రెండు పక్కలూ అచ్చు ఒకేలా వస్తాయని మాటివ్వను. నీరు చేరితే సూదితో తియ్యాల్సి రావొచ్చు. చీము పట్టొచ్చు, కాళ్ళలో రక్తం గడ్డకట్టొచ్చు. అరుదే, కానీ చెప్పకుండా ఉండను. అందుకే ఆ రోజే లేపి నడిపిస్తాం. ఇక రాత్రీ పగలూ బిగుతు బనీనొకటి వేసుకోవాలి, వారాల తరబడి. మీ పనేంటి?"

"బేకరీలో పొయ్యి."

"అయితే నెలపాటు బస్తాలు, ట్రేలు ముట్టుకోకూడదు. వేడి దగ్గరికి వెళ్ళకూడదు."

"అన్నీ సరిగ్గా జరిగితే?" అని అడిగాడు కోటు.

"అన్నీ సరిగ్గా జరిగితే మీ చొక్కా మీ ఒంటి మీద మామూలుగా నిలుస్తుంది. అంతకుమించి నేను ఇవ్వగలిగిందేమీ లేదు."

పరీక్షల్లో భయపడాల్సిందేమీ తేలలేదు. ఆ రోజే భోజనాల దగ్గర తండ్రికి చెప్పాడు. ఆయన బస్సుల సీట్లు కుట్టే పనిచేసి మానుకున్న మనిషి. వేళ్ళు ఇప్పటికీ సూది పట్టినట్టే వంగి ఉంటాయి. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి కొడుకు మొహంలోకి చూశాడు.

"నొప్పా?"

"నొప్పి లేదు."

"జబ్బా?"

"జబ్బు లేదు నాన్నా. సిగ్గు."

"సిగ్గుకి ఆపరేషనేంట్రా? మగపుటక పుట్టి ఆడపిల్లలా సోకులు..." అని, మాట సగంలో మింగేసి, కంచంలోనే చెయ్యి కడుక్కొని లేచిపోయాడు.

"మామయ్యకి నేను చెప్తాన్లెండి," అంది భార్య. కానీ ఆవిడ చెప్పబోయిన ప్రతిసారీ ఆయనకి బజారులో ఏదో ఒక పని గుర్తొచ్చేది. వీధిలో వాళ్ళకి మాత్రం ఆయనే ముందుగా కబురు చేరవేశాడు. ఎదురింటావిడకి కొడుకు కడుపులో గడ్డన్నాడు. కొట్టతనికి హెర్నియా అన్నాడు. పక్కింటాయనతో చెప్పేసరికి అది మూత్రపిండంలో రాయి అయింది. ముగ్గురూ ఒకచోట చేరి మాట్లాడుకుంటే ఆ మనిషిలో ఇంకేం మిగిలి ఉందా అని హడలిపోయి ఉంటారు.

*

ఆపరేషన్ రోజు పొద్దున డాక్టరమ్మ అతన్ని నిలబెట్టి ఛాతీ మీద ఊదారంగు పెన్నుతో గీతలు గీసింది. వలయంలో వలయం, దానిలో ఇంకో వలయం. "పడుకుంటే కొవ్వు పక్కలకి జారిపోతుంది, అందుకే నిలబెట్టి గీస్తాను," అంది. తలుపు దగ్గర నిలబడ్డ భార్య ఆ గీతలు చూసి, "పిల్లల అట్లాసులో కొండల బొమ్మలా ఉంది," అంది. భయంతో ఆవిడ గొంతు సన్నగా వచ్చింది గాని, ఆ మాట అతనికి ధైర్యమిచ్చింది.

తర్వాత అతనికి గుర్తున్నవి తక్కువ. చల్లటి గది. చేతికి సూది. ఎవరో "ఏం కాలుస్తారు మీరు?" అని అడగడం, తను "రొట్టె, బన్నులు, రస్కు..." అంటూ రస్కు దగ్గర ఆగిపోవడం.

కళ్ళు తెరిచేసరికి ఛాతీని ఎవరో రెండు చేతులా వాటేసుకొని వదలనట్టుంది. బిగుతు బనీను. మెడ కింద నుంచి నడుము దాకా రబ్బరులా సాగే గుడ్డ, ముందు వరసగా కొక్కేలు, వాటి మీద జిప్పు. చంకల దగ్గర కట్టు తడిసి గులాబీ రంగు నీళ్ళు పక్క మీదకి కారుతున్నాయి.

"రక్తం!" అన్నాడు, నాలుక తడబడుతూ.

"రక్తం కాదండీ," అంది నర్సు, గుడ్డ మారుస్తూ. "లోపలికి ఎక్కించిన నీళ్ళే బయటికొస్తున్నాయి. ఒకట్రెండు రోజులు ఇలాగే కారుతుంది. కారితేనే మంచిది. లేవండి, గుమ్మం దాకా నడిచొద్దాం."

లేచాడు. ఛాతీ లోపలంతా ఎవరో పిడిగుద్దులు గుద్ది వదిలేసినట్టు సలుపు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసరికి నుదురంతా చెమట. "పొయ్యి దగ్గర కూడా ఇంత పట్టదు," అన్నాడు. భార్య అతని మొహం తుడిచింది.

కారు సీటు మీద పాత తువ్వాలు పరచుకొని ఇంటికి చేరారు. తండ్రి గుమ్మంలో లేడు. గదిలోకి వెళ్ళి చూస్తే మంచం మీద ప్లాస్టిక్ పట్టా, దాని మీద పాత దుప్పటి ముడత లేకుండా బిగించి ఉన్నాయి. వీపు కింద ఎత్తుగా దిళ్ళు పేర్చి ఉన్నాయి. దుప్పటి అంచులు బస్సు సీటు మీద రెక్సిను మడిచినట్టు మూలల్లోకి మడిచి ఉన్నాయి. తండ్రి పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. చూసీ చూడనట్టు, "వచ్చారా," అన్నాడు.

*

స్కూల్లో పరీక్షలు. భార్యకి ఒక్కరోజుకి మించి సెలవు దొరకలేదు. మర్నాడు ఆవిడ మాత్రలు వేళల ప్రకారం గిన్నెల్లో సర్ది, మామగారికి ఒకటికి రెండుసార్లు అప్పజెప్పి వెళ్ళింది. ఇంట్లో తండ్రీ కొడుకూ మిగిలారు.

పెద్దాయన మాటకారి కాడు. మాత్ర తెచ్చేవాడు, నీళ్ళిచ్చేవాడు, గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడేవాడు. తర్వాత వెళ్ళకుండా కుర్చీ లాక్కొని కూర్చొని ఏదో ఒకటి అడిగేవాడు.

"మత్తు ఎక్కేటప్పుడు ఊపిరాడనట్టు ఉంటుందా?"

"ఏమీ తెలీదు."

"గొట్టం ఎక్కణ్ణుంచి పెట్టారు?"

కోటు చంక చూపించాడు. తండ్రి వంగి చూసి, "ఇంత చిన్న కన్నమా!" అన్నాడు.

కాసేపాగి, "ఆవిడే చేసిందా? ఆడమనిషి?" అన్నాడు.

"ఆవిడే."

"నీకేం అనిపించలేదా?"

కోటుకి చిరాకేసింది. ప్రతి ప్రశ్నలోనూ ఎత్తిపొడుపు వినిపించింది. చేసిన తప్పుకి పోలీసు విచారణలా ఉంది వ్యవహారం. "పడుకుంటాను నాన్నా," అని కళ్ళు మూసుకున్నాడు. కుర్చీ చప్పుడు కాలేదు. ఆయన అక్కడే కూర్చున్నాడని తెలుస్తూనే ఉంది.

మూడో రోజు బనీను విప్పి స్నానం చెయ్యొచ్చని డాక్టరమ్మ చెప్పింది. మొదటిసారి విప్పేటప్పుడు కళ్ళు తిరగొచ్చనీ, కూర్చోబెట్టి మెల్లగా విప్పాలనీ, పక్కన మనిషి ఉండాలనీ మరీ మరీ చెప్పింది. భార్య సాయంత్రం వచ్చేదాకా ఆగుదామనుకున్నాడు. కానీ కారిన నీళ్ళు ఆరిపోయి గుడ్డంతా అట్టగట్టింది, ఒళ్ళంతా దురద. స్నానాల గదిలోకి వెళ్ళి, నిలబడే జిప్పు లాగాడు. కొక్కేలు ఒక్కొక్కటే తీశాడు. చివరి కొక్కెం ఊడగానే ఒంట్లోంచి ఏదో దిగజారిపోయినట్టయింది. చెవుల్లో హోరు. గోడ తెల్లగా, మరీ తెల్లగా అయిపోయింది.

పడలేదు. వెనక నుంచి రెండు చేతులు అతని చంకల కిందకి కాకుండా, జాగ్రత్తగా, నడుముకి చుట్టుకున్నాయి. తండ్రి తలుపవతలే నిలబడి ఉన్నాడు కాబోలు. అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి తల మోకాళ్ళ మధ్యకి వంచాడు.

"నిలబడి విప్పొద్దని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పిందట! ఒక్కటైనా చెవిన పెట్టావా?"

కాసేపటికి ప్రాణం కుదుటపడింది. కోటు తలెత్తి తన ఛాతీకేసి చూసుకున్నాడు. నీలం, ఊదా, అంచుల్లో పసుపు. ఉబ్బి బండగా, మొద్దుగా ఉంది. ముందెలా ఉందో అంతకంటే పెద్దదిగా కనిపించింది. డాక్టరమ్మ ముందే చెప్పింది. చెప్పిందని తెలుసు.

"అలాగే ఉంది," అన్నాడు. "ఇంత చేసీ అలాగే ఉంది."

తండ్రి ఎదురుగా పీట వేసుకొని కూర్చున్నాడు. గుడ్డ గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, పిండి, కుట్ల చుట్టూ అట్టగట్టినదాన్ని అద్దుతూ తుడిచాడు. ఎక్కడా రుద్దలేదు. అలా తుడుస్తూ, చేతిని ఆపి చాలాసేపు చూశాడు. కోటు ఇబ్బందిగా చేతులు ముందుకి తెచ్చుకోబోయాడు.

"వాపురా ఇది," అన్నాడు తండ్రి, తనలో తాను అనుకుంటున్నట్టు. "దిగుతుంది. దిగాక తెలుస్తుంది."

*

బనీను కొక్కేలు ఒరుసుకొని ఛాతీ మధ్య చర్మం ఎర్రబడింది. తండ్రి పాత నూలు పంచె చింపి, రెండు మడతలు వేసి, జిప్పుకీ కొక్కేలకీ కింద మెత్తటి పట్టీ కుట్టడం మొదలుపెట్టాడు. కోటు కిటికీ పక్కన మెడ మీదుగా తువ్వాలు కప్పుకొని కూర్చున్నాడు. ఇంకో బనీను ఉతికి ఆరేసి ఉంది. అది ఆరేదాకా ఇంతే.

"చొక్కా అయినా వేసుకో. కిటికీ తెరిచుంది," అన్నాడు తండ్రి, సూది మీంచి చూపు తిప్పకుండా.

కోటుకి ఎక్కడో కలుక్కుమంది. "చిన్నప్పుడూ ఇదే మాట. చెరువుకి వెళ్తే చొక్కా వేసుకో. ఆటలాడుతుంటే చొక్కా వేసుకో. అందరి పిల్లలూ చొక్కాల్లేకుండా తిరుగుతుంటే నామీదే అరిచేవాడివి. సిగ్గు నాకు పుట్టుకతో రాలేదు నాన్నా. నువ్వు నేర్పావు."

సూది ఆగింది. తండ్రి దారం పళ్ళతో తెంపి, ముడి వేసి, మళ్ళీ ఎక్కించాడు. కన్నం దొరక్క రెండు మూడుసార్లు తప్పింది.

"నిజమే," అన్నాడు చివరికి. కోటుకి అంతకన్నా గట్టి జవాబొచ్చి ఉంటే బాగుండేదనిపించింది.

మధ్యాహ్నం బేకరీ నుంచి ప్యాకింగ్ అక్క వచ్చింది. బన్నులకి కవర్లు తొడిగి సీలు వేసేది ఆవిడే. కోటు కంటే పెద్దది, నోరు కూడా పెద్దదే. సంచీలోంచి రొట్టె తీసి మంచం మీద పెట్టింది.

"చూడు మొహం దీనిది! ఒకవైపు మాడు, ఒకవైపు పచ్చి. కొత్తవాడు ట్రే తిప్పడట. అద్దం ముందు నిలబడి జుట్టు మాత్రం తెగ తిప్పుతున్నాడు. జనం ఇదే రొట్టె వెనక్కి తెచ్చి బల్ల మీద పడేస్తుంటే మేనేజరు మొహం మన మాడు రొట్టె లాగే ఉంది." నవ్వి, గొంతు తగ్గించింది. "ఇంతకీ నీకేమైంది తమ్ముడూ? మీ వీధిలో ఒకళ్ళు గడ్డంటారు, ఒకళ్ళు రాయంటారు."

కోటు తండ్రికేసి చూశాడు. ఆయన కుట్టులో తల దూర్చేశాడు. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ రెండు బన్నులు ఆడుతుంటే అద్దం ఇవతల ఈవిడ కూడా ఉంది. నవ్వని మనిషి ఆవిడొక్కతే.

"ఛాతీకి ఆపరేషన్ చేయించుకున్నానక్కా. కొవ్వు తీయించాను."

ప్యాకింగ్ అక్క మంచం మీది రొట్టెని పక్కకి జరిపి కూర్చుంది. "నొప్పా?" అని అడిగింది.

"పిడిగుద్దులు తిన్నట్టుంది."

"మరి ఆ మేనేజరు మాటలకి చేయించుకున్నావా?"

"కొంత అందుకే. కొంత ఎప్పట్నుంచో."

"ఊఁ," అంది ఆవిడ. "మంచిదే. నువ్వొచ్చెయ్యి తొందరగా. నాకా మాడు రొట్టెలకి సీలు వెయ్యాలంటే చేతులు రావట్లేదు."

ఆవిడ వెళ్ళాక కోటు ఆ రొట్టెని తిప్పి తిప్పి చూశాడు. అడుగు తట్టాడు. లోపల సరిగ్గా కాలలేదు, చప్పుడు మొద్దుగా వచ్చింది. ఫోన్ తీశాడు. ఛాతీ ఇంకా ఉబ్బే ఉంది. నీలం, పసుపు అన్నీ అలాగే ఉన్నాయి. ఎలా తేలుతుందో ఇంకా ఎవరికీ తెలీదు. నెలలు ఆగి, అద్దంలో చూసుకొని, అప్పుడు మాట్లాడదామనే అనుకొని ఉన్నాడు ఇన్నాళ్ళూ.

"సార్, నేను కోటుని. నెల తర్వాత పనికొస్తాను. పొయ్యి దగ్గరికే వస్తాను. లోపలి గదికి కాదు."

అవతల మేనేజరు ఏదో అన్నాడు.

"టీషర్టు వేసుకుంటాను. నేనెలా ఉన్నా వేసుకుంటాను. ఎవరైనా నవ్వితే వాళ్ళ సంగతి మీరు చూసుకోండి, రొట్టె సంగతి నేను చూస్తాను. కుదరదంటే ఇప్పుడే చెప్పండి. ఇంకోచోట పొయ్యి వెతుక్కుంటాను."

ఈసారి మాటలు వరసగానే వచ్చాయి. "ముందు ఒళ్ళు బాగుచేసుకొని రావయ్యా. పొయ్యి ఎక్కడికీ పోదు," అన్నాడు మేనేజరు. కోటు ఫోన్ పక్కన పెట్టాడు. తండ్రి కుట్టడం ఎప్పుడు ఆపాడో, బనీను ఒళ్ళో పెట్టుకొని అతన్నే చూస్తున్నాడు.

*

కుట్లు విప్పించుకోవడానికి వెళ్ళాల్సిన రోజు భార్య సెలవు అడుగుతానంది. "నేను తీసుకెళ్తాలే," అన్నాడు పెద్దాయన. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని, కొడుకు కంటే ముందే గుమ్మంలో నిలబడ్డాడు.

డాక్టరమ్మ కత్తెరతో దారాలు తీసింది. వేలితో అక్కడక్కడా నొక్కింది. నీరు చేరలేదంది. "ఎడమవైపు కాస్త ఉండలా ఉంది. మెత్తబడుతుంది, రోజూ మెల్లగా రుద్దండి. బనీను మాత్రం ఇంకా విడవకూడదు." పట్టీ కుట్టిన చోట ఆగి, "ఇదెవరు కుట్టారు?" అని అడిగింది.

"మా నాన్న."

"బాగుంది," అని తల ఊపింది. కోటు కొక్కేలు పెట్టుకొని, చొక్కా వేసుకున్నాడు. అతను అద్దం ఎక్కడుందా అని చూడలేదు. వాపు ఇంకా ఉంది, ఉంటే ఉంటుంది.

"ఇంకేమైనా అడగాలా?" అంది డాక్టరమ్మ. మామూలుగా అనే మాటే.

"ఒకటుందమ్మా," అన్నాడు తండ్రి, కుర్చీలోంచి లేచి నిలబడి. "నా వయసు వాళ్ళకి చేస్తారా?"

కోటుకి ముందు అర్థం కాలేదు. ఎవరి గురించో అడుగుతున్నాడనుకున్నాడు.

"ఏం చెయ్యాలి?" అంది డాక్టరమ్మ మెల్లగా.

"ఇదే. వాడికి చేసింది."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. డాక్టరమ్మ నవ్వలేదు, ఆశ్చర్యం కూడా కనబరచలేదు. "కూర్చోండి, చూద్దాం," అంది. కోటు గబుక్కున తలుపువైపు నడిచాడు.

"నువ్వెక్కడికిరా? ఉండు," అన్నాడు తండ్రి.

ఆయన బొత్తాలు తీయడం మొదలుపెట్టాడు. సీట్లు కుట్టిన వేళ్ళు, రెండో బొత్తాం దగ్గరే తడబడ్డాయి. కోటు వెనక్కి వచ్చి ఎదురుగా వంగి మిగతావి తీశాడు. చొక్కా కింద బనీను, బనీను కింద ఇంకో బనీను. అవి రెండూ తీసేసరికి, ముసలి ఒంటి మీద, తెల్లటి వెంట్రుకల మధ్య, తన ఛాతీయే కనిపించింది అతనికి. కాస్త వాలింది, కాస్త ముడతలు పడింది. అంతే తేడా.

డాక్టరమ్మ నొక్కి చూసింది. "ఎప్పట్నుంచి?"

"మీసాలు రాకముందు నుంచి."

"ఈమధ్య పెరిగిందా? నొప్పి?"

"లేదమ్మా. ఎలా ఉన్నది అలాగే ఉంది."

బీపీకి ఏ మాత్రలు వేసుకుంటున్నాడో, గుండె ఎప్పుడైనా చూపించుకున్నాడో అడిగింది. "ముందు పరీక్షలు చెయ్యాలి. మీ వయసుకి మత్తు, రక్తం పలచబరిచే మందులు, అన్నీ ఆలోచించాలి. చెయ్యొచ్చని ఇప్పుడే చెప్పలేను. వద్దని కూడా చెప్పట్లేదు," అంది.

"చెయ్యకపోయినా పరవాలేదమ్మా," అన్నాడు పెద్దాయన. "ఒక్కసారి ఎవరికైనా చూపిద్దామనిపించింది."

డాక్టరమ్మ పెన్ను తీసుకొని లేచింది. పరీక్షల కాగితం రాసి తెస్తానని పక్కగదిలోకి వెళ్ళింది. తండ్రీ కొడుకూ ఇద్దరే మిగిలారు. ఏం అడగాలో తెలియక, కోటు నోటికొచ్చింది అడిగాడు.

"అమ్మకి తెలుసా?"

"మీ అమ్మకి తెలియకుండా ఎలా ఉంటుందిరా, పిచ్చోడా."

"ఏమనేది?"

"ఏమీ అనేది కాదు. ఒక్కనాడు ఒక్కమాట అనలేదు." ఆయన కళ్ళు కిటికీ మీదకి పోయాయి. "పోయాక తెలిసింది, అదెంత పెద్ద సంగతో."

కోటు కుర్చీ వీపు మీదున్న చొక్కా తీసి, విప్పార్చి, చేతులు దూర్చుకోవడానికి వీలుగా పట్టుకున్నాడు. తండ్రి దానికేసి చూశాడు గాని లేవలేదు. కుర్చీలో వెనక్కి వాలి, చేతులు రెండు పక్కలా వదిలేశాడు.

"ఉండనీరా కాసేపు," అన్నాడు. "గాలి తగులుతోంది."

డాక్టరమ్మ కాగితంతో తిరిగొచ్చింది. చొక్కా లేకుండా ఫ్యాను కింద వాలి కూర్చున్న పెద్దాయననీ, చేతిలో చొక్కాతో పక్కన నిలబడ్డ కొడుకునీ చూసింది. కాగితం బల్ల మీద పెట్టి, గోడ దగ్గరికి వెళ్ళి ఫ్యాను ఇంకాస్త పెంచింది.